తిన్నాక తీసిన షుగర్ ఫలితాలే ఎందుకు పోయాయి: సర్వర్ కెర్నల్, డెస్క్‌టాప్ కెర్నల్ మధ్య ఒక కేసు

ఒడిశా సరిహద్దున గజపతి, రాయగడ జిల్లాల్లో చిన్న సంస్థల కంప్యూటర్లు చూసుకోవడం నా వృత్తి. రైసు మిల్లులు, ప్రైవేటు బడులు, నర్సింగ్ హోములు, డయాగ్నస్టిక్ సెంటర్లు ఎక్కువగా నా దగ్గరికి వస్తాయి. లైనక్స్ వాడే చోట్ల నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సర్వర్ కెర్నల్ వేయాలా, డెస్క్‌టాప్ కెర్నల్ వేయాలా?" కెర్నల్ అంటే హార్డ్‌వేరుకూ ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని నడిపించే, సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాము. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఒక సెంటరులో నేను మూడు వారాలు తిరిగాను. అసలు తప్పు ఎక్కడుందో తెలిశాక, ఆ ప్రశ్నను ఎలా అడగాలో నాకు అర్థమైంది. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఊరి పేరు, సెంటరు పేరు, యంత్రాల తయారీదారుల పేర్లు వదిలేశాను. మనుషులను గుర్తుపట్టేలా చేసే వివరాలు మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

సెంటరు ఒక తెలుగు కుటుంబానిది. మామగారు డాక్టరు, కోడలు పాథాలజిస్టు. కౌంటరు దగ్గర తెలుగు, ఒడియా కలిసి వినిపిస్తాయి. కొండ మీద నుంచి వచ్చేవాళ్లతో కువిలోనో సవరలోనో మాట్లాడటానికి ఒక సహాయకురాలు ఉంది. రోజుకు ఎనభై, తొంభై మంది వస్తారు. వాళ్లలో సగం మందికి రక్త పరీక్షలే.

కంప్యూటరు ఒక్కటే ముఖ్యమైనది. కౌంటరు బల్ల కింద ఉంటుంది. రసీదులు కొట్టేది అదే, రోగుల వివరాలున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడిపేది అదే, ఎక్స్-రే బొమ్మలు దాచేది అదే. రక్తకణాలు లెక్కించే యంత్రం, బయోకెమిస్ట్రీ యంత్రం రెండూ సీరియల్ తీగలతో దానికే కలిసి ఉంటాయి. అంటే అది సర్వరూ, డెస్క్‌టాపూ కూడా. పెద్ద నగరంలో ఈ పనులను నాలుగు పెట్టెలకు పంచుతారు. ఇక్కడ ఒక్క పెట్టె, ఒక్క యూపీఎస్ చాలనుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఆ పనులన్నీ ఆ పెట్టె మోయగలిగినవే.

ప్రాసెసరు ఇంటెల్ 13వ తరానిది. 16 జీబీ మెమరీ, సిస్టమ్‌కు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, డేటాకు 2 టీబీ హార్డ్ డిస్క్. ముందు పనిచేసిన టెక్నీషియన్ ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) 22.04 సర్వర్ ఎడిషన్ వేసి, దాని మీద డెస్క్‌టాప్ ప్యాకేజీ ఎక్కించాడు. డేటాబేస్‌ను "జాగా ఎక్కువుంటుంది" అని హార్డ్ డిస్క్ మీద పెట్టాడు. చివరి వాక్యం గుర్తుంచుకోండి. నేను దాన్ని మొదటి రోజే చూశాను, కానీ రెండు వారాల పాటు పట్టించుకోలేదు.

వచ్చిన ఫిర్యాదు

2025 వేసవిలో డాక్టరుగారు ఫోను చేశారు. "బాబూ, మా దాంట్లో సర్వర్ కెర్నల్ వేశారట. అందుకే కౌంటర్లో మౌసు నత్తలా కదులుతోంది, మెషీన్ నుంచి రిజల్టులు రావడం లేదు. డెస్క్‌టాప్ కెర్నల్ వేసి ఇవ్వండి" అన్నారు.

వెళ్లి కూర్చుంటే ఇందులో రెండు వేర్వేరు కష్టాలున్నాయని తెలిసింది. మొదటిది, తెర రోజంతా బద్ధకంగా ఉండటం. కిటికీ జరిపితే వెనకే నీడలా ఈడ్చుకుంటూ వచ్చేది. రెండోది, బయోకెమిస్ట్రీ యంత్రం పంపిన ఫలితాలు కొన్ని డేటాబేస్‌లో కనిపించకపోవడం. రోజూ కాదు, అన్నీ కాదు. వారానికి పది, పదిహేను.

రెండోదే నన్ను భయపెట్టింది. ఫలితం రాకపోతే ల్యాబ్ అమ్మాయి యంత్రం తెర మీద చూసి చేత్తో కొడుతుంది. ఒకసారి 184 అని ఉన్న షుగర్‌ను 148 అని కొట్టింది. సంతకం పెట్టే ముందు పాథాలజిస్టు పాత రిపోర్టుతో పోల్చి చూసే అలవాటున్న మనిషి కాబట్టి అది బయటపడింది. ఆ అలవాటు లేకపోతే మందు మోతాదు ఆ తప్పుడు అంకె మీద నిలబడేది. మౌసు బద్ధకాన్ని ఓర్చుకోవచ్చు, దీన్ని ఓర్చుకోకూడదు.

"సర్వర్ కెర్నల్" అనే మాట ఎక్కడిది

ముందు యూనేమ్ కమాండ్ కొట్టి చూశాను. కెర్నల్ పేరు చివర "జెనెరిక్" అని ఉంది, వెర్షను 5.15. బూట్ డైరెక్టరీలో ఉన్న కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. టైమర్ (కెర్నల్ లోపలి గడియారం) 250 హెర్ట్జ్, ప్రీఎంప్షన్ (కెర్నల్ లోపల నడుస్తున్న పనిని మధ్యలో ఆపడం) వాలంటరీ, అంటే కొన్ని చోట్ల మాత్రమే. అంటే డెస్క్‌టాప్ ఎడిషన్ వేసినా సరిగ్గా ఇవే ఉంటాయి. విడిగా "సర్వర్ కెర్నల్" అన్నది ఆ పెట్టెలో లేనే లేదు.

ఆ మాట మాత్రం గాలిలోంచి పుట్టలేదు. 2012 ఏప్రిల్‌కు ముందు ఉబుంటులో నిజంగానే రెండు కెర్నళ్లు ఉండేవి. సర్వర్ దాంట్లో టైమర్ సెకనుకు 100 సార్లు కొట్టేది, డెస్క్‌టాప్ దాంట్లో 250 సార్లు. సర్వర్‌లో ప్రీఎంప్షన్ ఉండేది కాదు. అంటే కెర్నల్ లోపల ఒక పని నడుస్తుండగా దాన్ని మధ్యలో ఆపి వేరే ప్రోగ్రాముకు ప్రాసెసరు ఇవ్వడం కుదరదు. మొత్తం మీద ఎక్కువ పని జరుగుతుంది, కానీ ఒక్కొక్క పనికి జవాబు కాస్త ఆలస్యమవుతుంది. డిస్కు కోరికలను వరుసలో పెట్టే షెడ్యూలర్లు కూడా వేరు: సర్వర్‌లో డెడ్‌లైన్, డెస్క్‌టాప్‌లో సీఎఫ్‌క్యూ. 12.04 విడుదలతో సర్వర్ కెర్నల్‌ను జెనెరిక్‌లో కలిపేశారు.

ఆ రోజుల్లో ఇంకో కారణం కూడా ఉండేది. 32 బిట్ల డెస్క్‌టాప్ కెర్నల్‌కు 4 జీబీ మెమరీ పూర్తిగా కనిపించేది కాదు, మూడు చిల్లర దగ్గర ఆగిపోయేది. సర్వర్ కెర్నల్‌లో పీఏఈ అనే ఏర్పాటు ఉండటంతో 64 జీబీ దాకా చూడగలిగేది. అందుకని మన టెక్నీషియన్లు చాలామంది మామూలు కంప్యూటర్లకు కూడా సర్వర్ కెర్నల్ వేసేవాళ్లు. "సర్వర్ కెర్నల్ బలమైనది" అనే నమ్మకం ఆ రోజులది. నమ్మకం మిగిలింది, దాని వెనకున్న కారణం పోయింది.

ఇప్పటి ఉబుంటులో సర్వర్‌కూ డెస్క్‌టాప్‌కూ ఉన్న తేడా కెర్నల్ స్వభావంలో లేదు, వయసులో ఉంది. 22.04 సర్వర్ ఎడిషన్ మామూలుగా జీఏ కెర్నల్ వేస్తుంది, అంటే ఆ విడుదలతో పుట్టిన 5.15. అది చివరిదాకా 5.15గానే ఉంటుంది, భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. డెస్క్‌టాప్ ఎడిషన్ హెచ్‌డబ్ల్యూఈ దారిలో నడుస్తుంది: 5.19, 6.2, 6.5, 6.8 అంటూ కొత్త హార్డ్‌వేరు కోసం ముందుకు జరుగుతూ పోతుంది. సర్వర్ ఎడిషన్ మీద డెస్క్‌టాప్ ప్యాకేజీ ఎక్కించినంత మాత్రాన కెర్నల్ దారి మారదు. ఈ సెంటరులో జరిగింది అదే.

మౌసు కథ ఇక్కడే తేలిపోయింది. 5.15 కెర్నల్ విడుదలైంది 2021 అక్టోబరు చివర్లో. ఆ ప్రాసెసరు తరం మార్కెట్‌లోకి వచ్చింది 2022 అక్టోబరులో. తన తర్వాత ఏడాదికి పుట్టిన గ్రాఫిక్స్ చిప్పును ఆ కెర్నల్ గుర్తుపట్టలేదు. తెర మీది ప్రతి చుక్కనూ ప్రాసెసరే గీస్తోంది.

నాకన్నా ముందు ప్రయత్నించినది

నేను వెళ్లడానికి నెల ముందు మరో టెక్నీషియన్ లో-లేటెన్సీ కెర్నల్ వేసి చూశాడని తెలిసింది. అందులో టైమర్ 1000 హెర్ట్జ్, ప్రీఎంప్షన్ పూర్తిగా ఉంటుంది. "యంత్రం నుంచి డేటా వస్తున్నప్పుడు కెర్నల్ వేరే పనిలో ఉండి అక్షరాలు జారవిడుస్తోంది" అన్నది అతని ఆలోచన. ఆలోచన తెలివైనదే, తోసిపుచ్చదగినది కాదు. ఫలితాలు మాత్రం పోతూనే ఉన్నాయి, అందుకని తిరిగి పాతది పెట్టి వెళ్లిపోయాడు.

ఎందుకు పని చేయలేదో ఆ రోజు నేను కాగితం మీద లెక్క వేసి ఉంటే రెండు వారాలు మిగిలేవి. ఆ లెక్క ఇది. సీరియల్ తీగ వేగం 9600. అంటే సెకనుకు సుమారు 960 అక్షరాలు. అక్షరాలను అందుకునేది ఇంటరప్ట్ (హార్డ్‌వేరు ప్రాసెసరును పిలిచే సంకేతం) ద్వారా, దానికి ప్రీఎంప్షన్‌తో పని లేదు. ప్రీఎంప్షన్ లేని కెర్నల్‌లో కూడా ఇంటరప్ట్ వస్తే చేతిలో పని ఆపి దాన్ని అందుకుంటుంది. ఇక ల్యాబ్ యంత్రాలు వాడే ఏఎస్‌టీఎం పద్ధతిలో, యంత్రం ఒక్కో ఫ్రేము (సందేశంలో ఒక ముక్క) పంపి "అందింది" అనే సంకేతం కోసం 15 సెకన్లు ఆగుతుంది. ఆలోపు రాకపోతే మాట ముగిస్తుంది. టైమర్‌ను 250 నుంచి 1000కి పెంచితే మిగిలేది 4 మిల్లీసెకన్లలో 3. పదిహేను సెకన్ల గడువు దాటిపోతున్న చోట మూడు మిల్లీసెకన్లు ఎవరిని ఆదుకుంటాయి?

నా మొదటి నిర్ణయం, అందులో తప్పు

నేను హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ 6.8 వేశాను. గ్రాఫిక్స్ కోసం అది సరైన నిర్ణయమే, ఇప్పటికీ అదే అంటాను. తెర తేలికైంది, కౌంటరులో అందరి ముఖాలూ విచ్చుకున్నాయి.

అయితే అదే రోజు ఇంకో చిక్కు వచ్చింది. రెండు యంత్రాల తీగలూ ఒక మల్టీపోర్ట్ సీరియల్ కార్డులోకి వచ్చేవి. దాని డ్రైవరు కెర్నల్‌లో భాగం కాదు. కార్డుతో పాటు వచ్చిన సోర్సును డీకేఎంఎస్ అనే సాధనం ద్వారా ప్రతి కెర్నల్‌కూ కొత్తగా కంపైల్ చేయాలి. 5.15కు కంపైల్ అయిన ఆ సోర్సు 6.8కు కాలేదు. కెర్నల్ లోపల సీరియల్ పోర్టుల ఫంక్షన్ల రూపం ఈ మధ్యలో మారిపోయింది, కార్డు చేసినవాళ్లు సోర్సును మార్చలేదు. ఆ మధ్యాహ్నమంతా సెంటరు చేతిరాత మీద నడిచింది. పాత కెర్నల్‌ను గ్రబ్ మెనూలో (పెట్టె మొదలయ్యేటప్పుడు కెర్నల్‌ను ఎంచుకునే జాబితా) ఉంచాను కాబట్టి రాత్రి తిరిగి 5.15లోకి వెళ్లగలిగాను.

డ్రైవరు సోర్సును నేనే సవరించవచ్చు, కానీ వద్దనుకున్నాను. నేను సవరిస్తే దాన్ని మోయాల్సింది కూడా నేనే. నేను ఊళ్లో లేని రోజున కెర్నల్ అప్‌డేట్ వస్తే ఆ సెంటరు మళ్లీ చేతిరాతలోకి వెళ్తుంది. బరంపురం నుంచి రెండు యూఎస్‌బీ-సీరియల్ తీగలు తెప్పించాను, ఎఫ్‌టీడీఐ చిప్పువి. వాటి డ్రైవరు కెర్నల్‌లోనే ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న విషయం: ఇలాంటి తీగలకు టీటీవై యూఎస్‌బీ 0, 1 అనే పేర్లు వస్తాయి. రీబూట్ తర్వాత అవి తారుమారు కావచ్చు, కణాల యంత్రం ఫలితాలను బయోకెమిస్ట్రీ ప్రోగ్రాము వింటూ కూర్చోవచ్చు. అందుకని డెవ్, సీరియల్, బై-ఐడీ డైరెక్టరీలో తీగ సీరియల్ నంబరుతో ఉండే పేర్లనే ప్రోగ్రాముకు ఇచ్చాను.

తీగలు మార్చి, 6.8లోకి వచ్చాను. నాలుగు రోజులు ఒక్క ఫలితం కూడా పోలేదు. డాక్టరుగారు "డెస్క్‌టాప్ కెర్నల్ వేయగానే బాగుపడింది" అని తేల్చేశారు. నేనూ ఔననుకున్నాను. ఐదో రోజు ఏడు ఫలితాలు పోయాయి.

తప్పు ఇది: ఒకేసారి కెర్నల్, తీగలు, డ్రైవరు మూడూ మార్చాను. బాగుపడితే దేనివల్లో తెలియదు, పాడైతే దేనివల్లో తెలియదు. నాలుగు రోజుల ప్రశాంతతకు కారణం కూడా తర్వాత తెలిసింది. ఆ నాలుగు రోజులూ ఎక్స్-రే యంత్రం మరమ్మతులో ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని అప్పుడు నాకు తోచలేదు.

ల్యాబ్ అమ్మాయి నోటుపుస్తకం

అసలు దారి చూపింది ల్యాబ్ అమ్మాయి. పోయిన ప్రతి ఫలితాన్నీ చేత్తో కొట్టిన తర్వాత ఒక పాత నోటుపుస్తకంలో రాసుకునేది. నన్ను పక్కకు పిలిచి ఆ పుస్తకం చూపించింది. "అన్నయ్యా, ఫాస్టింగ్ ఎప్పుడూ పోదు. తిన్నాక తీసిన షుగరే పోతోంది" అంది.

ఆ రెండు పరీక్షలకూ యంత్రం ఒకటే, రసాయనం ఒకటే, తీగ ఒకటే, ఫ్రేము పొడవు కూడా దాదాపు ఒకటే. తేడా ఒక్క గడియారంలోనే ఉంది. పరగడుపు రక్తం పొద్దున్నే తీస్తారు. ఆ తర్వాత రోగి ఇంటికో హోటలుకో వెళ్లి తిని, రెండు గంటలాగి వస్తాడు. ఆ రక్తం యంత్రంలోకి వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. పుస్తకంలో ఉన్న గంటలన్నీ 1.10 నుంచి 1.45 మధ్యలోనే ఉన్నాయి.

వేళ ప్రకారం పనులను నడిపే క్రాన్ పట్టిక తెరిచాను. బ్యాకప్ మధ్యాహ్నం 1.00కి పెట్టి ఉంది. రాత్రి సెంటరు మూసేటప్పుడు మెయిన్ కట్టేస్తారు, అందుకని ముందు టెక్నీషియన్ "భోజనాల వేళ ఖాళీగా ఉంటుంది" అని అక్కడ పెట్టాడు. మనుషులు భోజనానికి వెళ్తారు, బయోకెమిస్ట్రీ యంత్రానికి మాత్రం రోజులో రెండో పెద్ద పని అప్పుడే మొదలవుతుంది. బ్యాకప్‌లో ముందు డేటాబేస్, ఆ తర్వాత ఆ వారం ఎక్స్-రే బొమ్మలు మొత్తం టార్ అనే ప్రోగ్రాముతో ఒకే మూటగా అయ్యి అదే హార్డ్ డిస్క్ మీద ఇంకో డైరెక్టరీలోకి వెళ్తాయి. ఎక్స్-రే యంత్రం ఆగినప్పుడు బ్యాకప్‌లో కొత్త బరువు లేదు.

కొలత

మరుసటి రోజు మధ్యాహ్నం అక్కడే కూర్చున్నాను. ఒక కిటికీలో ప్రాసెసరు, డిస్కు పరిస్థితి చూపే వీఎమ్‌స్టాట్ సెకనుకోసారి, ఇంకో కిటికీలో మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫోలోని "డర్టీ" అంకె. తీగ నుంచి ఫలితాలు అందుకునే ప్రోగ్రాములో కూడా ఒక వాక్యం చేర్చాను: ఫ్రేము వచ్చిన క్షణం నుంచి "అందింది" అని పంపిన క్షణం వరకు ఎంత పట్టిందో లాగ్‌లో రాయాలి.

1.00కి డర్టీ అంకె కొన్ని ఎంబీలు. 1.04కి 1 జీబీ దాటింది. కాసేపటికి 2.3 జీబీ దగ్గర నిలబడింది. వీఎమ్‌స్టాట్‌లో ప్రాసెసరు ఖాళీగానే ఉంది, డిస్కు కోసం ఆగి ఉన్న పనుల సంఖ్య మాత్రం ఐదు, ఆరు, ఎనిమిది అయింది. 1.17కి లాగ్‌లో ఒక ఫ్రేముకు 41 సెకన్లు పట్టింది. యంత్రం 15 దగ్గరే వెళ్లిపోయింది.

ఆ 41 ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కకు అందుతుంది. ప్రోగ్రాము రాసేది నేరుగా డిస్కుకు కాదు, మెమరీలోకి. అలా రాసి, ఇంకా డిస్కుకు చేరని పేజీలను డర్టీ పేజీలంటారు. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం దాటితే కెర్నల్ వెనక నుంచి డిస్కుకు తోయడం మొదలుపెడుతుంది, 20 శాతానికి చేరితే రాసేవాళ్లనే ఆపుతుంది. ఈ పెట్టెలో అందుబాటులో ఉన్నది 12 జీబీ. దాంట్లో 20 శాతం 2.4 జీబీ. చదవడం, రాయడం రెండూ ఒకే హార్డ్ డిస్క్ మీద జరుగుతుంటే అది సెకనుకు 60 ఎంబీ మింగడమే గొప్ప. 2.4 జీబీని 60తో భాగిస్తే 40 సెకన్లు.

ఇప్పుడు డేటాబేస్ వైపు నుంచి చూడండి. ఫలితం వచ్చిందని పోస్ట్‌గ్రెస్ కమిట్ చేయాలంటే, అంటే ఖాయం చేయాలంటే, రాసినది డిస్కుకు చేరిందని కెర్నల్ మాట ఇవ్వాలి. అది ఎఫ్‌సింక్. రాయాల్సింది కొన్ని కిలోబైట్లే. కానీ ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలు పద్ధతిలో, జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) లావాదేవీ ముగిసే ముందు అందులో కొత్తగా చోటు పొందిన వేరే ఫైళ్ల డేటా కూడా డిస్కుకు చేరాలి. అంటే ఒక షుగర్ అంకె, వారం రోజుల ఎక్స్-రే బొమ్మల వెనక వరుసలో నిలబడింది.

ఇందులో ఏ ముక్కా టైమర్‌కు సంబంధించినది కాదు, ప్రీఎంప్షన్‌కు సంబంధించినది కాదు. 20 శాతం అనే అంకె జీఏలో, హెచ్‌డబ్ల్యూఈలో, లో-లేటెన్సీలో ఒకటే.

వద్దనుకున్న దారులు

సులువైన దారి ఒకటి కనిపించింది: ఫ్రేము రాగానే "అందింది" అని చెప్పేసి, తర్వాత తీరిగ్గా డేటాబేస్‌లో రాయడం. పాథాలజిస్టుగారితో కూర్చుని మాట్లాడి ఇద్దరం వద్దనుకున్నాం. ఇప్పుడు ఫలితం పోతే యంత్రం తెర మీద ఎర్రగా హెచ్చరిక వస్తుంది, ఆ అమ్మాయికి తెలుస్తుంది. ముందే "అందింది" అని చెప్పి, ఆ తర్వాత కరెంటు పోతే ఎవరికీ తెలియకుండా పోతుంది. వానాకాలం వస్తే ఇక్కడ కరెంటు సంగతి చెప్పక్కర్లేదు, యూపీఎస్ బ్యాటరీ వయసు కూడా చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ (డిస్కుకు చేరేదాకా ఆగడం) ఆపడం కూడా దీనికి తమ్ముడే. పెట్టె హఠాత్తుగా ఆగితే చివరి అర సెకను పై చిలుకు కమిట్లు పోవచ్చు. బిల్లుల దుకాణంలో అయితే ఆలోచించేవాడిని. రక్త పరీక్ష దగ్గర ఆలోచించను.

బ్యాకప్‌ను ఐయోనైస్‌తో తక్కువ ప్రాధాన్యంలో నడిపి చూశాను, పెద్దగా మారలేదు. దానికి కారణం ఉంది. టార్ రాసేది మెమరీలోకి. డిస్కుకు నిజంగా రాసేది కెర్నల్ తాలూకు ఫ్లషర్. టార్ మెడలో వేసిన బిళ్ల ఫ్లషర్‌కు తెలియదు. హార్డ్ డిస్క్‌కు ఎంక్యూ-డెడ్‌లైన్ బదులు బీఎఫ్‌క్యూ షెడ్యూలర్ పెట్టి కూడా చూశాను. కౌంటరులో ఫైళ్లు తెరవడం కాస్త నయమైంది కానీ కమిట్ ఆలస్యం గడువు లోపలికి రాలేదు, అందుకని తీసేశాను. అవసరం లేని మార్పును వదిలి వెళ్లకూడదన్నది నా పద్ధతి, రేపు వచ్చే టెక్నీషియన్ దాని వెనక ఏదో కారణం ఉందనుకుని తల పట్టుకుంటాడు.

పని చేసినది

ఈసారి ఒక్కొక్కటిగా, ఒక్కో మార్పుకు మూడు పనిదినాలు ఇచ్చాను.

మొదట డర్టీ పరిమితులను శాతాల్లో కాక బైట్లలో పెట్టాను: వెనక నుంచి తోయడం 64 ఎంబీ దగ్గర మొదలు, రాసేవాళ్లను ఆపడం 256 ఎంబీ దగ్గర. 256ను 60తో భాగిస్తే నాలుగు సెకన్ల చిల్లర. లాగ్‌లో మూడు రోజుల్లో అత్యధికం 6 సెకన్లు. ఫలితాలు పోవడం ఆ రోజే ఆగింది. 16 జీబీ మెమరీ, ఒక నెమ్మదైన హార్డ్ డిస్క్ కలిసి ఉన్న పెట్టెల్లో ఇప్పుడు నేను ముందుగా చూసేది ఈ రెండు అంకెలనే. మెమరీ చవకై పెరుగుతూ పోయింది, శాతం అక్కడే ఉంది, దాంతో డిస్కు ముందు పేరుకునే బాకీ ఏటేటా పెద్దదైంది.

తర్వాత డేటాబేస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చాను. మొత్తం డేటాబేస్ 3 జీబీ కూడా లేదు. "జాగా ఎక్కువుంటుంది" అన్న ఆ పాత నిర్ణయానికి అవసరమే లేదు. మార్చాక అత్యధికం సెకనులో పదో వంతు కూడా దాటలేదు. ఆ తర్వాత బ్యాకప్‌ను రాత్రి 8.15కు మార్చాను. కౌంటరు మూసేటప్పుడు మెయిన్ కట్టేయరు, బ్యాకప్ ముగిశాక పెట్టె తనంతట తానే ఆగుతుంది. ఆగిందని పచ్చ దీపం ఆరితేనే మెయిన్ కట్టాలని సహాయకురాలికి చూపించాను.

ఆదివారం పరీక్ష

పని అయిపోయింది, అయినా డాక్టరుగారి ప్రశ్న మిగిలింది: "మరి సర్వర్ కెర్నల్ తప్పు కాదా?" కాదని నోటితో చెప్పడం కంటే చూపించడం మేలనుకున్నాను. సెంటరుకు ఆదివారం సెలవు. 6.8 జెనెరిక్ కెర్నల్‌లో ప్రీఎంప్షన్‌ను బూట్ సమయంలోనే మార్చుకునే వీలుంది. ఆ ఏర్పాటు 5.12తో అసలు కెర్నల్‌లోకి వచ్చింది. గ్రబ్‌లో ఒక్క పదం చేర్చితే నన్, వాలంటరీ, ఫుల్ అనే మూడింటిలో ఏదైనా వస్తుంది. "నన్" పెడితే పాతకాలపు సర్వర్ స్వభావం, "ఫుల్" పెడితే లో-లేటెన్సీకి దగ్గరి స్వభావం. కెర్నల్ అదే, డ్రైవర్లు అవే, మారేది ఆ ఒక్కటే.

డేటాబేస్ కాపీ ఒకటి తిరిగి హార్డ్ డిస్క్ మీద పెట్టి, డర్టీ పరిమితులు పాతవి చేసి, బయోకెమిస్ట్రీ యంత్రం బదులు పాత ఫ్రేములను పంపే చిన్న ప్రోగ్రాము పెట్టాను. మూడింటిలోనూ 15 సెకన్ల గడువు దాటింది. పరిమితులు కొత్తవి చేయగానే మూడింటిలోనూ దాటలేదు. మూడింటి మధ్య తేడా లాగ్‌లో వెతికితే కూడా దొరకలేదు, మిల్లీసెకన్ల తేడా సెకన్ల గోలలో కనిపించదు. డాక్టరుగారు పక్కనే కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చున్నారు. "అంటే మందు మార్చాం కానీ రోగం వేరే చోట ఉంది" అన్నారు. నేను రెండు వారాలు చేసింది సరిగ్గా అదే.

చివరికి ఏ కెర్నల్

హెచ్‌డబ్ల్యూఈ 6.8 ఉంచాను. కారణం ఒక్కటే: గ్రాఫిక్స్ చిప్పు. మల్టీపోర్ట్ కార్డు పెట్టెలోంచి తీసేశాను కాబట్టి బయటి డ్రైవరు ఒక్కటీ లేదు, కెర్నల్ మారినా తెగేది ఏమీ లేదు. పైగా 2024 సెప్టెంబరులో వచ్చిన 22.04.5తో ఆ దారి 6.8 దగ్గర ఆగిపోయింది, అక్కడి నుంచి కొత్త కెర్నల్‌కు దూకడం ఉండదు. 5.15ను కూడా గ్రబ్ మెనూలో ఉంచాను, తెర బద్ధకంగా ఉన్నా ఆపదలో పని సాగుతుంది.

ఇదే కుటుంబానికి ఇంకో ఊళ్లో చిన్న సేకరణ కేంద్రం ఉంది. అక్కడి పెట్టెకు తెర లేదు, హార్డ్‌వేరు పాతది, ఫైళ్లు దాచడం తప్ప పని లేదు. దానికి జీఏ 5.15 చాలు, అదే ఉంచాను. అక్కడికి వెళ్లాలంటే నాకు సగం రోజు పోతుంది, కదలని కెర్నల్ ఉండటమే అక్కడ మేలు.

లో-లేటెన్సీ, రియల్-టైమ్ కెర్నళ్లు అనవసరమని నేను అనడం లేదు. స్టూడియోలో పాట రికార్డు చేస్తుంటే కొన్ని మిల్లీసెకన్లు తప్పినా చెవికి చిటపట వినిపిస్తుంది. మోటార్లను నడిపే చోట అంతకన్నా తక్కువ గడువే ఉంటుంది. 2024 నవంబరులో 6.12తో రియల్-టైమ్ ప్రీఎంప్షన్ అసలు కెర్నల్‌లో చేరింది కూడా అలాంటి అవసరాల కోసమే. ఇప్పుడు నన్నెవరైనా కెర్నల్ మార్చమంటే ముందు రెండు విషయాలు అడుగుతాను: తప్పిపోతున్న గడువు ఎంత, తప్పినప్పుడు గడియారం ఎంత చూపించింది. గడువు మిల్లీసెకన్లలో ఉంటే కెర్నల్ రకం గురించి మాట్లాడతాను. సెకన్లలో ఉంటే డిస్కు, మెమరీ, నెట్‌వర్కు చూస్తాను. హార్డ్‌వేరు అసలు కనిపించకపోతే కెర్నల్ వయసు చూస్తాను. ఇంకొకటి కూడా అడుగుతాను, దీన్ని ఈ సెంటరులోనే నేర్చుకున్నాను: "పోయినవి ఎవరైనా రాసి పెట్టారా?"

ల్యాబ్ అమ్మాయి ఆ పుస్తకం మానలేదు. నెల తర్వాత వెళ్లినప్పుడు చూపించింది, కొత్త పేజీలో తేదీ మాత్రమే ఉంది, కింద ఏమీ లేదు. 22.04కు మామూలు మద్దతు 2027లో ముగుస్తుంది. అప్పటికి ఆ పెట్టెను 24.04కు మారుస్తాను. దాని జీఏ కెర్నల్ 6.8 కాబట్టి, అప్పుడు సర్వర్ ఎడిషన్ మామూలుగా వేసే కెర్నల్‌తోనే తెర కూడా సరిగ్గా పనిచేస్తుంది. పేర్లూ అంకెలూ అన్నీ ఒక కాగితం మీద రాసి కౌంటరు తలుపు లోపలి వైపు అంటించాను: డర్టీ పరిమితులు రెండూ, తీగల బై-ఐడీ పేర్లు, బ్యాకప్ వేళ, ఏది ఎందుకు మార్చానో ఒక్కో వాక్యం.